నాన్న కొనిచ్చిన 2014 ల్యాప్‌టాప్, ఇంకా కొన్నేళ్లు నడిపించాలి: సలహాలు కావాలి

మదనపల్లె టీచర్ · శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. బెంగళూరు రామమూర్తి నగర్‌లో ఉంటాను. ఇంట్లోనే పదో తరగతి పిల్లలకు లెక్కలు, సైన్సు ట్యూషన్ చెప్తాను. నా ల్యాప్‌టాప్ 2014లో కొన్నది. సన్న మోడల్, ఇంటెల్ నాలుగో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. ఆ ఏడు మదనపల్లె మార్కెట్‌లో మా టమాటాకి మంచి రేటు పలికింది. నాన్న 32 వేలు లెక్కపెట్టి చేతిలో పెట్టి "ఇది నీ చదువుకమ్మా" అన్నారు. ఆయన ఇప్పుడు లేరు. అందుకని దీన్ని వదిలేయడానికి మనసొప్పడం లేదు.

దాని పరిస్థితి చెప్తాను. ఆన్ చేశాక చేతికి రావడానికి ఆరు నిమిషాలు పడుతుంది. బ్యాటరీ ఇరవై నిమిషాలు కూడా ఆగదు, కరెంటు పోతే క్లాసు మధ్యలోనే పోతుంది. మూత తెరిస్తే ఎడమ పక్క హింజ్ (మూత కీలు) దగ్గర ప్లాస్టిక్ చిట్లిన శబ్దం వస్తోంది. డి అక్షరం కీ పది సార్లు నొక్కితే రెండు సార్లు పడుతుంది. నేను తెలుగు ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డ్ లేఅవుట్‌లో కొడతాను, అందులో డి మీదే పొల్లు ఉంటుంది. అది పడకపోతే ఒత్తులే రావు, "పద్యం" కాస్తా "పదయం" అవుతుంది. రెండు నెలలుగా టచ్‌ప్యాడ్ క్లిక్ అవడం లేదు, మౌస్ పెట్టుకున్నాను. టేబుల్ మీద పెడితే ఒక మూల ఊగుతోంది, కింద కాగితం మడిచి పెడుతున్నాను.

మా ఏరియాలో ఒక సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే కనీసం తెరిచి చూడలేదు. "మదర్‌బోర్డ్ పోయింది, 14 వేలవుతుంది, కొత్తది కొనుక్కోండి" అన్నారు. పోయిన మదర్‌బోర్డ్‌తో ఇది రోజూ ఎలా ఆన్ అవుతోందో నాకు అర్థం కాలేదు. ముందు ఏది బాగు చేయించాలి? నా దగ్గర 7 వేల వరకు ఉన్నాయి.

నైట్ షిఫ్ట్ · శనివారం, రాత్రి 10:05

అక్కా, మీ బాధ అర్థమైంది. కానీ లెక్క చూసుకోండి. విండోస్ 11కి ఇంటెల్ అయితే ఎనిమిదో తరం, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి. మీది నాలుగో తరం, అది అధికారికంగా ఎక్కదు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ అయిపోయింది. పేరు నమోదు చేసుకున్న వాళ్లకు ఇంకో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తున్నారు, అదీ 2026 అక్టోబర్ 13 దాకానే. కంపెనీలు వాడి అమ్మేసిన ఎనిమిదో తరం ల్యాప్‌టాప్‌లు ఇక్కడ 18, 20 వేలకు దొరుకుతున్నాయి. 7 వేలు దీని మీద పోసి, రేపు ఇంకేదో పోతే మళ్లీ మొదటికే వస్తారు. నా ఓటు సెకండ్ హ్యాండ్‌కే.

విశ్రాంత ఇంజనీరు · శనివారం, రాత్రి 10:31

టీచర్ గారూ, ఏం చేయించినా ముందు చేయాల్సింది ఒకటి ఉంది. హార్డ్ డిస్క్‌లోని మీ ఫైళ్లు వేరే చోటికి కాపీ చేయండి. పదకొండేళ్లు రోజూ తిరిగిన డిస్క్ అది. ఆన్ అవడానికి ఆరు నిమిషాలంటే సగం అనుమానం దాని మీదే. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం పెట్టి చూడండి. రీఅలొకేటెడ్ సెక్టార్స్, కరెంట్ పెండింగ్ సెక్టార్స్ అనే రెండు వరుసలుంటాయి. రెండింటి పక్కనా సున్నా ఉంటే కొంత నిశ్చింత. పెండింగ్ పెరుగుతూ పోతుంటే డిస్క్ చదవలేకపోతున్న చోట్లు పెరుగుతున్నాయన్న మాట. ఈ రాత్రే ఒక పెన్‌డ్రైవ్ పెట్టి కాపీ మొదలుపెట్టండి, పడుకుని లేచేసరికి అయిపోతుంది.

పాత ఇనుము · శనివారం, రాత్రి 11:02

ఆగండి! పెద్దాయన చెప్పింది నిజమే, కానీ ఈ రాత్రి వద్దు.

మేడమ్, మీరు మూడు చోట్ల మూడు ముక్కలు చెప్పారు. టచ్‌ప్యాడ్ క్లిక్ అవడం లేదు. టేబుల్ మీద ఊగుతోంది. బ్యాటరీ ఆగడం లేదు. నేను ఇరవై ఏళ్లుగా ల్యాప్‌టాప్‌లు విప్పుతున్నాను, ఈ మూడూ కలిసి వస్తే నాకు తట్టేది ఒకటే. 2014 సన్న మోడల్ అంటే బ్యాటరీ బయటికి ఊడదు, లోపల టచ్‌ప్యాడ్ కిందే పరిచి ఉంటుంది. అంతకు ముందు వచ్చే లావు ల్యాప్‌టాప్‌లలో ఇనుప గొట్టాల్లాంటి సెల్స్ ఉండేవి, అవి సాధారణంగా ఉబ్బవు. ఈ సన్నవాటిలో ఉండేవి రేకు సంచి లాంటి సెల్స్. లోపల గ్యాస్ పుట్టిందంటే ఉబ్బుతాయి. పైకి ఉబ్బితే టచ్‌ప్యాడ్‌ని కింద నుంచి తోస్తాయి, కిందికి ఉబ్బితే అడుగు పలక వంగి మిషన్ ఊగుతుంది.

దయచేసి ఇప్పుడే ఛార్జర్ తీసేయండి. షట్‌డౌన్ చేయండి. పరుపు మీద, సోఫా మీద పెట్టకండి, గచ్చు మీదో గ్రానైట్ గట్టు మీదో పెట్టండి. పక్క నుంచి చూసి, ఉబ్బు ఉందేమో ఒక ఫొటో పెట్టండి. మీరే స్క్రూలు విప్పి బ్యాటరీని పీకే ప్రయత్నం మాత్రం చేయొద్దు. కింద జిగురు టేపు ఉంటుంది, స్క్రూడ్రైవర్‌తో తవ్వితే సంచి చిరిగి మంట వస్తుంది. ఫైళ్ల సంగతి నాది, మిషన్ ఆన్ చేయకుండానే కాపీ చేసే దారి ఉంది.

మదనపల్లె టీచర్ · శనివారం, రాత్రి 11:20

సార్, చేతులు వణుకుతున్నాయి. ఛార్జర్ తీసేశాను, ఆపేశాను. వంటింటి గట్టు మీద పెట్టాను. ఫొటో పెడుతున్నాను. మూత మూస్తే ముందు వైపు కుడి చివర రూపాయి బిళ్ల దూరేంత సందు ఉంది. నేను అది హింజ్ వల్ల అనుకున్నాను. దీన్నే రోజూ రాత్రి ఛార్జింగ్ పెట్టి పిల్లల మంచం పక్కన ఉంచేదాన్ని.

పాత ఇనుము · శనివారం, రాత్రి 11:27

చూశాను. ఉబ్బింది, అనుమానమే లేదు. ఆపేశారు, ఛార్జింగ్ తీసేశారు, ఇక టెన్షన్ పడకండి. బాగు చేయించడానికి ఎస్పీ రోడ్ కంప్యూటర్ బజారుకి వెళ్లాలి. రేపు ఆదివారం, అక్కడ చాలా షాపులు మూసి ఉంటాయి. సోమవారం వెళ్లండి. అప్పటిదాకా దాన్ని తాకకండి.

విశ్రాంత ఇంజనీరు · ఆదివారం, ఉదయం 6:10

ఇనుము గారూ, మీరు ఆ సమయంలో చూసి ఉండకపోతే నా మాట విని ఆవిడ రాత్రంతా దాన్ని ఆన్‌లో ఉంచేవారు. మీకు కృతజ్ఞతలు. టీచర్ గారూ, నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను. షాపులో డిస్క్ బయటికి తీయించి, 300, 400 రూపాయల్లో దొరికే యూఎస్‌బీ కేసింగ్‌లో పెట్టించుకోండి. అప్పుడది పెన్‌డ్రైవ్ లాగా వేరే కంప్యూటర్‌కి తగులుతుంది. ముందు చిన్నవి, విలువైనవి కాపీ చేయండి: నోట్సు, ప్రశ్నపత్రాలు, ఫొటోలు. సినిమాలు చివర్న. డిస్క్ మధ్యలో మొండికేస్తే అప్పటికి ముఖ్యమైనవి బయటపడి ఉంటాయి.

చూళైమేడు · ఆదివారం, ఉదయం 8:45

చెన్నై నుంచి. మా ఇంట్లోనూ ఒక పాతది ఉంది. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపానప్పుడు వేళచ్చేరిలో కింది వాటాలో ఉండేవాళ్లం. కింది అరలో పెట్టిన ల్యాప్‌టాప్ నీళ్లలో నానింది. ఆన్ చేసి చూద్దామని చెయ్యి లాగింది కానీ చేయలేదు. బ్యాటరీ తీసి, రిచీ స్ట్రీట్‌లో తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే బోర్డు మొత్తం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బ్రష్ పెట్టి కడిగాడు. కనెక్టర్ల దగ్గర అప్పటికే పచ్చగా చిలుము పట్టింది. రెండు రోజులు ఆరబెట్టి ఆన్ చేస్తే వచ్చింది. ఇవాళ్టికీ మా అబ్బాయి దాని మీదే చదువుకుంటున్నాడు.

టీచర్ గారి హింజ్ గురించి చెప్తాను, ఆ పని నేను చేతులతో చేశాను. హింజ్ స్క్రూలు దిగేది ప్లాస్టిక్‌లో పొదిగిన చిన్న ఇత్తడి బుష్‌లలోకి. ఏళ్లు గడిచాక హింజ్ బిగుసుకుపోతుంది. మూత తెరిచిన ప్రతిసారీ ఆ బలమంతా బుష్‌ల మీద పడి, అవి ప్లాస్టిక్‌ని చీల్చుకుని పైకి వస్తాయి. మీరు వింటున్న శబ్దం అదే. బుష్‌లు మాత్రమే అతికిస్తే నెలలో మళ్లీ ఊడతాయి. ముందు హింజ్ చివరనున్న నట్టును పావు చుట్టు వదులు చేయాలి. తర్వాత పగిలిన చోట ఉప్పు కాగితంతో గరుకు చేసి, రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీతో బుష్‌లు కూర్చోబెట్టి ఒక రోజంతా కదపకుండా వదిలేయాలి. క్షణంలో అంటుకునే గమ్ వాడనివ్వకండి. చుట్టూ తెల్లగా పొడిలా పడుతుంది, ఆ అతుకు పెళుసుగా ఉండి హింజ్ లాగుడుకి ఆగదు. ఇది పూర్తయ్యేదాకా మూత ఒక మూల పట్టి తెరవకండి. మధ్యలో పట్టుకుని తెరవండి.

నైట్ షిఫ్ట్ · ఆదివారం, ఉదయం 11:15

బ్యాటరీ సంగతి నాకు తట్టనే లేదు, ఇనుము అన్నకి దండం. అయినా నా మాట మీదే ఉన్నాను. బ్యాటరీ, డిస్క్, హింజ్, అన్నీ మారిస్తే ఇక దాంట్లో పాతది ఏం మిగిలింది?

పాత ఇనుము · ఆదివారం, మధ్యాహ్నం 1:30

తమ్ముడూ, మంచి ప్రశ్నే అడిగావు. మిగిలేది బోర్డు, ప్రాసెసర్, స్క్రీన్. ఆ మూడూ బాగున్నాయి. పోయినవన్నీ అరిగే భాగాలు. బ్యాటరీ అరుగుతుంది, తిరిగే డిస్క్ అరుగుతుంది, హింజ్ అరుగుతుంది. స్కూటర్‌కి టైర్లు, బ్రేక్ షూలు మార్చినట్టే. ఇంజిన్ బాగుండగా బండి అమ్మేస్తామా? ఆవిడ పని వర్డ్ ఫైళ్లు, పీడీఎఫ్‌లు, వీడియో క్లాసు. దానికి నాలుగో తరం ఐ3 చాలు, 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) ఉంటే. ఎవరైనా వీడియో ఎడిటింగ్‌కి అడిగితే నేను కూడా నీ మాటే చెప్తాను.

మేడమ్, ర్యామ్ కొనేటప్పుడు ఒక్క అక్షరం చూడండి. మీ తరం సన్న ల్యాప్‌టాప్‌లకి 1.35 వోల్టుల ర్యామ్ కావాలి. దాని మీద పీసీ3ఎల్ అని ఉంటుంది. ఆ "ఎల్" లేనిది 1.5 వోల్టులది, చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది, స్లాట్‌లో కూర్చుంటుంది కూడా, కానీ మిషన్ ఆన్ కాదు. షాపులో పెట్టించి, ఆన్ చేయించి, 8 జీబీ చూపించాకే డబ్బులివ్వండి.

అక్షరం · ఆదివారం, సాయంత్రం 5:50

టీచర్ గారూ, విండోస్ వదిలి, దాని బదులు వాడే ఉచిత సిస్టమ్ లినక్స్‌కి మారే ఆలోచన ఉంటే ఒక ప్రశ్న. మీ పాత ప్రశ్నపత్రాలు అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో చేసినవేనా? తెలుగు ట్యూటోరియల్స్‌లో ఎక్కువగా అలాగే ఉంటాయి, అందుకే అడుగుతున్నాను. అవి యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు కనిపించే పద్ధతి) కావు. ఆ ఫాంట్ లేని చోట తెరిస్తే గజిబిజి గుర్తులు కనిపిస్తాయి, తెలుగు కనపడదు. పాత మిషన్ చేతిలో ఉండగానే ప్రతి ఫైలుకీ ఒక పీడీఎఫ్ తీసి పెట్టుకోవాలి. ఆ తర్వాత పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లతో మార్చుకోవచ్చు. వట్రసుడి, క్షకారం లాంటి చోట్ల తప్పులు పడతాయి, ఒకసారి చదివి దిద్దాలి.

నేను ఈ పని చేయక ఒకసారి నష్టపోయాను. మా అమ్మ చెప్పగా టైప్ చేసిన వ్రతకథలు, పాటలు నలభై పేజీలు అలాగే పోయాయి. ఫైలు ఉంది, చదవడానికి లేదు. చివరికి ఒక పాత ప్రింటవుట్ దొరికితే దాన్ని చూసి మళ్లీ కొట్టుకున్నాను.

మదనపల్లె టీచర్ · ఆదివారం, రాత్రి 8:15

అవునండీ, 2019 వరకు చేసినవన్నీ అను ఫాంట్లే. దాదాపు 200 ఫైళ్లు. మా చెల్లెలి దగ్గర విండోస్ కంప్యూటర్‌లో ఆ ఫాంట్లు, పేజ్‌మేకర్ ఉన్నాయి. డిస్క్ కేసింగ్‌లో పెట్టి అక్కడే పీడీఎఫ్‌లు తీస్తాను. మీరు అడగకపోతే నాకు తెలిసేదే కాదు.

మదనపల్లె టీచర్ · సోమవారం, రాత్రి 9:55

ఎస్పీ రోడ్‌కి వెళ్లొచ్చాను. కేఆర్ పురంలో పర్పుల్ లైన్ ఎక్కి మెజెస్టిక్‌లో దిగి, గ్రీన్ లైన్‌లో ఒక్క స్టేషన్, చిక్కపేటె. ల్యాప్‌టాప్‌ని గుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

ఇనుము గారు చెప్పినట్టు "బ్యాటరీ ఉబ్బింది" అని ముందే చెప్పాను. షాపు ఆయన కడప వాళ్లు, తెలుగులోనే మాట్లాడారు. బోర్లా వేసి పదకొండు స్క్రూలు తీసి, అడుగు పలక ఎత్తీ ఎత్తగానే అది టప్పున లేచింది. లోపల మూడు సెల్స్. చివరిది సన్నగా, పలకలా ఉంది. మధ్యది, టచ్‌ప్యాడ్ కిందది మాత్రం పూరీల్లా పొంగి ఉన్నాయి. రేకు బిగిసి నిగనిగలాడుతోంది. ఆయన ముందు కనెక్టర్ తీశారు. తర్వాత ప్లాస్టిక్ పట్టీ ఒకటి మెల్లగా జిగురు కిందకి జరుపుతూ, పది నిమిషాలు పట్టినా తొందరపడకుండా, బయటికి తీసి ఇసుక ఉన్న ఇనుప డబ్బాలో పెట్టారు. అలాంటివి డబ్బా నిండాక ఈ-వేస్ట్ వాళ్లకి ఇస్తారట. అప్పుడు నన్ను టచ్‌ప్యాడ్ నొక్కమన్నారు. క్లిక్ అంది. రెండు నెలల తర్వాత ఆ చప్పుడు విన్నాను. అక్కడే కళ్లలో నీళ్లు తిరిగాయి.

మదర్‌బోర్డ్ అడిగాను. "దీనికేమైందమ్మా, దుమ్ము తప్ప" అన్నారు. ఫ్యాన్ రెక్కలకూ రాగి గొట్టం చివరనున్న జల్లెడకూ మధ్య దుమ్ము ఉన్ని గుడ్డలా పట్టి ఉంది, ఊడదీస్తే ఒకే ముక్కగా వచ్చింది. ప్రాసెసర్ మీద వేడిని లాగే పేస్ట్ ఎండి పెచ్చులు కట్టింది, కొత్తది రాశారు.

ఖర్చు: బ్యాటరీ 2,200, 240 జీబీ ఎస్ఎస్‌డీ 1,750, పీసీ3ఎల్ ర్యామ్ వాడినది 4 జీబీ 600, కేసింగ్ 350, హింజ్, శుభ్రం చేసిన కూలీ కలిపి 900. మొత్తం 5,800. హింజ్ ఎపాక్సీ ఆరాలని ల్యాప్‌టాప్ అక్కడే ఉంచారు, రేపు సాయంత్రం తెచ్చుకోవాలి. పాత డిస్క్ నా దగ్గరే ఉంది.

విశ్రాంత ఇంజనీరు · మంగళవారం, ఉదయం 6:25

చాలా సంతోషం. కొత్త బ్యాటరీని మొదటి వారం గమనిస్తూ ఉండండి. వేడెక్కినా, మళ్లీ సందు కనిపించినా వెంటనే తీసుకెళ్లండి. పాత డిస్క్‌ని తుడిచేయొద్దు, అన్నీ రెండు చోట్లకి చేరాక కూడా ఒక ఆర్నెల్లు బీరువాలో ఉంచండి.

చూళైమేడు · మంగళవారం, ఉదయం 9:00

కూలీ న్యాయంగా తీసుకున్నారు. హింజ్ మీద నట్టు వదులు చేశారా అని తెచ్చుకునేటప్పుడు అడగండి. ఒక వేలితో మూత తెరిస్తే అడుగు భాగం బల్ల మీదే ఉండాలి, పెట్టిన చోట మూత ఆగాలి, అదే సరైన బిగువు. మూతతో పాటు అడుగు భాగం కూడా లేస్తే ఇంకా బిగువుగా ఉందన్న మాట.

పాత ఇనుము · మంగళవారం, రాత్రి 10:40

ఇక లినక్స్. మీ మిషన్‌కి లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన రకం వేయండి. 22వ శ్రేణికి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. పెన్‌డ్రైవ్ మీద వేసి, ఇన్‌స్టాల్ చేయకుండా ముందు దాని మీదే నడిపి చూడండి, అన్నీ పనిచేస్తున్నాయో తెలుస్తుంది. ఆ ఏడాది ల్యాప్‌టాప్‌లలో కొన్నిటికి బ్రాడ్‌కామ్ వైఫై కార్డు ఉంటుంది. దానికి డ్రైవర్ వేరుగా దించుకోవాలి, దించుకోవడానికి నెట్ కావాలి, నెట్ రావడానికి డ్రైవర్ కావాలి. ఫోన్‌ని కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చేస్తే ఈ ముడి విడిపోతుంది. డ్రైవర్ మేనేజర్ తెరవండి, అదే చూపిస్తుంది. ఆ కార్డులు కొన్ని 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టుకుంటాయి. రౌటర్‌లో 5 ఒక్కటే పెట్టుకుని ఉంటే మీ వైఫై పేరు జాబితాలో కనపడదు. కంగారు పడకుండా రౌటర్‌లో 2.4 కూడా ఆన్ చేయండి.

నైట్ షిఫ్ట్ · బుధవారం, ఉదయం 7:15

అక్కా, వీడియోల గురించి నాకు తెలిసింది ఒకటి. యూట్యూబ్ మామూలుగా వీపీ9, ఏవీ1 అనే పద్ధతుల్లో వీడియో పంపిస్తుంది. ఇంటెల్‌లో వీపీ9ని పూర్తిగా హార్డ్‌వేర్‌తోనే విప్పడం ఏడో తరం నుంచి, ఏవీ1ని పదకొండో తరం నుంచి వచ్చింది. మీ దాంట్లో ఆ పనంతా ప్రాసెసర్ నెత్తిన పడి ఫ్యాన్ హోరెత్తుతుంది. హెచ్.264 అనే పాత పద్ధతిని మాత్రం మీది తేలిగ్గా విప్పుతుంది. బ్రౌజర్‌లో హెచ్264ఇఫై (h264ify) అనే ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే యూట్యూబ్ అదే పంపిస్తుంది. నా పాత ల్యాప్‌టాప్ కూడా అటకెక్కి ఉంది, ఈ ఆదివారం దించుతున్నాను.

మదనపల్లె టీచర్ · ఆదివారం, రాత్రి 9:20

వారం అయింది, కబురు చెప్పాలి. మింట్ వేశాను. వైఫై సరిగ్గా ఇనుము గారు చెప్పినట్టే మొండికేసింది, ఫోన్ తగిలించి డ్రైవర్ వేశాక వచ్చింది. ఆన్ చేస్తే ముప్పై సెకన్లలో చేతికి వస్తోంది. బ్యాటరీ మూడు గంటలు దాటుతోంది. మొన్న గురువారం ఏడు గంటల క్లాసులో కరెంటు పోయింది, యూపీఎస్ మీద రౌటర్, బ్యాటరీ మీద ఇది, క్లాసు ఆగలేదు. త్రికోణమితి లెక్క సగంలో ఉంది, పూర్తి చేశాం. 200 ఫైళ్లలో 140కి పీడీఎఫ్‌లు తీశాం, మిగతావి వచ్చే వారం. పాత డిస్క్‌లో పెండింగ్ సెక్టార్లు 48 చూపించింది. ఒక్క ఫైలు తెరుచుకోలేదు, 2016 అర్ధ సంవత్సరం పేపరు.

మిగిలింది డి కీ. కీబోర్డ్ మార్చాలంటే ఈ మోడల్‌లో పై పలక మొత్తం విప్పాలట, 1,800 అన్నారు. డబ్బులు అయిపోయాయి, ఇంకో దారి ఏదైనా ఉందా?

అక్షరం · ఆదివారం, రాత్రి 9:48

ఉంది, ఖర్చు లేనిది. మీరు క్యాప్స్‌లాక్ వాడతారా? తెలుగులో దాంతో పని లేదు కదా. లినక్స్‌లో ఎక్స్‌మోడ్‌మ్యాప్ అని ఒక కమాండ్ ఉంది, దాంతో ఆ కీని డి చేసేయొచ్చు. క్యాప్స్‌లాక్ కీకోడ్ 66. ముందు దాని లాక్ గుణం తీసేసి, 66కి చిన్న డి, పెద్ద డి ఇవ్వాలి. మీకు రెండు లైన్లు విడిగా మెసేజ్ చేశాను, టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే విండో) అతికించి చూడండి. పనిచేస్తే స్టార్టప్‌లో పెట్టుకోండి. ఇన్‌స్క్రిప్ట్ దాన్ని డి అనే అనుకుంటుంది, కాబట్టి పొల్లు అక్కడ పడుతుంది. షిఫ్ట్ పట్టుకుని నొక్కితే "అ" కూడా వస్తుంది.

మదనపల్లె టీచర్ · ఆదివారం, రాత్రి 10:31

అక్క. అమ్మ. పద్యం. స్వాతంత్ర్యం. మదనపల్లె.

పడుతున్నాయండీ! చిటికెన వేలు ఇంకా అటు వెళ్లడం నేర్చుకోవాలి, రెండు రోజుల్లో అలవాటైపోతుంది. ఈ పోస్టులో ఒత్తులన్నీ క్యాప్స్‌లాక్ నుంచి పడినవే. ఆ 2016 పేపరు ఒక పాత విద్యార్థిని దగ్గర ఉందట, ఫొటో తీసి పంపిస్తానంది. రేపు మళ్లీ టైప్ చేస్తాను.